అనుమతి ప్లాటుకు, బరువు వీధికి

డిసెంబరు మూడో వారం. హైదరాబాద్‌లో నలభై ఏళ్ళ కిందట వెలసిన ఒక కాలనీలో, పాత డాబా మీద ఒక పెద్దావిడ గుమ్మడి వడియాలు పెడుతున్నారు. మిద్దె వెడల్పు పదకొండు మీటర్లు. వడియాల చీర మాత్రం ఉత్తరపు పిట్టగోడను ఆనుకుని ఒక వారకు ఒదిగి ఉంది. మిగతా చోటంతా ఎందుకు వదిలేశారని అడిగితే, "అక్కడికి ఎండ రాదు బాబూ, ఆ బిల్డింగు లేచినప్పటి నుంచీ ఇంతే" అన్నారు. ఆవిడ చెయ్యి చూపిన వైపు, దక్షిణాన, స్టిల్ట్ (కార్లు నిలిపే స్తంభాల అంతస్తు) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ నిలబడి ఉంది. మధ్యాహ్నం పన్నెండుంబావుకి, నీడ రోజులోకెల్లా పొట్టిగా ఉండే వేళ, టేపు పట్టి కొలిచాను. దక్షిణపు పిట్టగోడ నుంచి ఏడున్నర మీటర్ల దాకా నీడే. మిగిలిన మూడున్నర మీటర్ల పట్టీలోనే ఎండ.

ఆ అపార్ట్‌మెంట్ అక్రమ కట్టడం కాదు. దానికి అనుమతి ఉంది, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, ఉంది. ఎవరూ తప్పు చేయకుండానే పక్కింటి ఎండ పోయింది. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే భవనాన్ని ఒంటరిగా చూడటం మానేసి వీధితో కలిపి చూడాలి. వెలుతురు, గాలి, వేడి, వాన, మురుగు, ఇవేవీ కాంపౌండ్ వాల్ దగ్గర ఆగవు. మనం మాత్రం అనుమతిని ప్లాటు హద్దుల్లోనే లెక్కకట్టి ఇస్తున్నాం. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

అపార్ట్‌మెంట్లు అవసరమే

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాత కాలనీల్లో అపార్ట్‌మెంట్లు రాకూడదని నేను అనడం లేదు. కాలనీలు వేసిన రోజుల్లో 500 గజాల ప్లాటులో ఒక కుటుంబం ఉండేది. పిల్లలు పెద్దవాళ్ళై బెంగళూరుకో అమెరికాకో వెళ్ళిపోయారు. ముసలి దంపతులకు అంత ఇంటిని ఊడ్చుకోవడమే కష్టమైంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తే సగం ఫ్లాట్లు వాటాగా వస్తాయి, కింద వాచ్‌మన్ ఉంటాడు, ఎదురు ఫ్లాటులో మనుషులుంటారు. ఇది వాళ్ళకు నిజమైన ఊరట.

నగరానికీ లాభమే. ఆ ప్లాటులో పది కుటుంబాలు సర్దుకుంటే వాళ్ళకు బడి, ఆసుపత్రి, బస్సు, మెట్రో దగ్గరలో ఉంటాయి. అదే పది కుటుంబాలు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఇళ్ళు కట్టుకుంటే అక్కడి పొలం పోతుంది, చెరువు పోతుంది, రోజూ రెండు మూడు గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. కాబట్టి అపార్ట్‌మెంట్ రావాలా వద్దా అన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న కాదు. వచ్చిన అపార్ట్‌మెంట్ ఆ వీధిలో ఎలా ఇమడాలన్నదే ప్రశ్న.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన పదును ఉంది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసింది. ప్లాటు వైశాల్యానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న లెక్క అప్పటితో పోయింది. ముందున్న రోడ్డు వెడల్పు, ప్లాటు వైశాల్యం, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఇవే ఎత్తును నిర్ణయిస్తూ వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో జీవో 168గా వచ్చిన భవన నిబంధనలూ అదే దారిలో నడిచాయి. అందువల్ల పక్కవాడికి రక్షణగా మిగిలింది ముఖ్యంగా ఆ సెట్‌బ్యాకే. అది ఎంత రక్షణ ఇస్తోందో చూద్దాం.

సూర్యుడికి దిక్కులున్నాయి

హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరాన 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. స్టిల్ట్‌తో కలిపి ఐదంతస్తుల భవనం నేల నుంచి సుమారు 18 మీటర్లు. ఆ వేళ దాని నీడ ఉత్తరానికి పదిహేనున్నర మీటర్లు సాగుతుంది. ఉదయం తొమ్మిదింబావుకి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి నీడ వాయవ్యంగా 31 మీటర్లకు పోతుంది. యాభై అడుగుల వెడల్పున్న ప్లాట్లు రెండు దాటేంత దూరం అది.

పెద్దావిడ మిద్దె నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తులో ఉంది. ఆ మిద్దె మట్టం నుంచి చూస్తే అపార్ట్‌మెంట్ ఇంకా పద్నాలుగున్నర మీటర్లు పైకి ఉంది. దాని నీడ పన్నెండున్నర మీటర్లు. రెండు గోడల మధ్య సందు 5 మీటర్లు. పోగా మిగిలింది ఏడున్నర. టేపు చెప్పింది అదే, త్రికోణమితి చెప్పేదీ అదే.

అదే భవనం ఆ ఇంటికి ఉత్తరాన లేచి ఉంటే చలికాలంలో ఆ మిద్దె మీద దాని నీడ పడేదే కాదు. పడమట లేచి ఉంటే మే నెల సాయంత్రాల్లో గోడలు కాలకుండా కాపాడేది కూడా. అంటే ఒకే ఎత్తు, ఒకే సెట్‌బ్యాక్ ఒక దిక్కున నష్టం, మరో దిక్కున నిరపాయం, ఇంకో దిక్కున మేలు. నిబంధన మాత్రం నాలుగు దిక్కులనూ ఒకేలా చూస్తుంది.

వడియాలే కదా అని తీసిపారేయకూడదు. ఇప్పుడు అదే మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకోమని ప్రభుత్వమే చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ప్యానెళ్ళను వరసగా కలిపినప్పుడు వాటన్నిటిలో ఒకే కరెంటు ప్రవహించాలి. ఒక ప్యానెల్ మీద నీడ పడితే అది మిగతావాటినీ వెనక్కి లాగుతుంది. ఆ నష్టాన్ని తగ్గించడానికి బైపాస్ డయోడ్లు అమరుస్తారు, అయినా పూర్తిగా పోదు. ఇరవై ఐదేళ్ళు పనిచేయాలని పెట్టుకున్న ప్యానెళ్ళకు రెండో ఏట పక్కన ఐదంతస్తులు లేస్తే ఆ ఇంటివాళ్ళు ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఈ దేశంలో వెలుతురును కొలిచి కట్టిన సంప్రదాయం లేకపోలేదు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ చొరని ఇరుకు చాల్‌లు జబ్బుల పుట్టలని నాటి పాలకులు నమ్మారు. 1898లో ఏర్పడిన బాంబే సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ క్రమంగా 63.5 డిగ్రీల సూత్రాన్ని పట్టుకుంది. కింది గదిలోంచి చూసినప్పుడు ఎదుటి భవనం పైఅంచు ఆ కోణానికి మించి ఎత్తులో కనిపించకూడదు. సులువుగా చెప్పాలంటే ఎదుటి భవనం ఎత్తు మధ్యనున్న ఖాళీకి రెండు రెట్లు దాటకూడదు. ఈ లెక్కన 18 మీటర్ల భవనాలు రెండింటి మధ్య 9 మీటర్లు ఉండాలి. తలా 3 మీటర్లు వదిలితే ఉండేది 6 మీటర్లే, కోణం 71 డిగ్రీలు దాటుతుంది. కింది అంతస్తు వాళ్ళు పగలే ట్యూబులైటు వేసుకునేది ఇందుకే.

మొదటి భవనం, పదో భవనం

ఒంటరిగా లేచిన మొదటి అపార్ట్‌మెంట్‌లో గాలీ వెలుతురూ ధారాళంగా ఉంటాయి. ఫ్లాటు కొనడానికి వచ్చినవాళ్ళకు కిటికీ తీసి చూపించేది అదే. కానీ ఆ గాలి, ఆ వెలుతురు చుట్టూ ఉన్న డాబాలు పొట్టిగా ఉండటం వల్ల అప్పుగా దొరికినవి. పక్క ప్లాట్లు ఒక్కొక్కటిగా లేచేకొద్దీ ఆ అప్పు తీరిపోతుంది. పదో భవనం వచ్చేసరికి మొదటి భవనం కూడా చీకట్లో పడుతుంది.

వీధి వాతావరణాన్ని అధ్యయనం చేసిన టి.ఆర్. ఓక్ 1988లో దీన్ని ఒక నిష్పత్తితో వివరించారు. భవనాల ఎత్తును వాటి మధ్య దూరంతో భాగించాలి. ఆ విలువ తక్కువగా ఉంటే గాలి వీధిలోకి దిగి ఇళ్ళ మధ్య తిరుగుతుంది. సుమారు 0.7 దాటితే గాలి కప్పుల మీదుగా జారిపోతుంది, కింద వీధిలో పాతగాలే సుడి తిరుగుతూ ఉండిపోతుంది. మన కాలనీలో రోడ్డు 9 మీటర్లు, రెండు పక్కలా ఇళ్ళ ముందు ఖాళీ కలుపుకుంటే గోడకూ గోడకూ 14 మీటర్లు. డాబాలున్నప్పుడు నిష్పత్తి 0.25. ఇళ్ళ మీద ఒక అంతస్తు వేసుకున్నా 0.5. రెండు వైపులా 18 మీటర్ల భవనాలు నిండితే అది 1.3కు చేరుతుంది.

రాత్రి చల్లబడటం కూడా ఇలాంటి లెక్కే. పగలు ఎండకు కాగిన రోడ్డు, గోడలు రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుతాయి. అందుకు వాటికి ఆకాశం కనబడాలి. ఆ డాబాల వీధి మధ్యలో నిలబడి పైకి చూస్తే దాదాపు 90 శాతం ఆకాశం కనబడేది. అపార్ట్‌మెంట్లు నిండాక కనబడేది 36 శాతం. మిగతా వేడి ఒక గోడ నుంచి ఎదుటి గోడకు పోయి మళ్ళీ తిరిగి వస్తూ తెల్లవారేదాకా వీధిలోనే ఉంటుంది.

దీనికి ఏసీలు తోడవుతాయి. టన్నున్నర ఏసీ గదిలోంచి 5.3 కిలోవాట్ల వేడిని లాగుతుంది, తాను వాడుకున్న కరెంటు ఒకటిన్నర కిలోవాట్లనూ కలిపి దాదాపు 6.8 కిలోవాట్లు బయటికి వదులుతుంది. పక్కసందు వైపు బిగించిన పది ఏసీలు పూర్తి జోరుతో ఒకేసారి నడిస్తే 68 కిలోవాట్లు. ఐదారు మీటర్ల సందులో ఒక కిలోవాటు హీటర్లు 68 వెలిగించినట్టే. పక్క డాబావాళ్ళు రాత్రి కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది ఆ గాలే.

ఆకాశం ఇచ్చే నీళ్ళు, వీధి మోసే నీళ్ళు

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 500 గజాలంటే 418 చదరపు మీటర్లు. ఆ ప్లాటు మీద ఏడాదిలో కురిసే వాన 3.3 లక్షల లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో నీటి పథకాలకు వాడే ప్రమాణం. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి కావలసింది రెండున్నర లక్షల లీటర్ల లోపే. అంటే పాత ఇంటికి తన నెత్తిన కురిసే వానే, దాచుకోగలిగితే, సరిపోయి మిగులుతుంది.

పది ఫ్లాట్లలో నలభై మంది ఉంటే రోజుకు 5,400 లీటర్లు, ఏడాదికి 19.7 లక్షల లీటర్లు కావాలి. ఆ ప్లాటు ఆకాశం ఇచ్చేది మారలేదు, అదే 3.3 లక్షలు. మిగతా 16 లక్షల పైచిలుకు లీటర్లు ఆ హద్దుల బయటి నుంచి రావాలి. కొంత నల్లాలో వస్తుంది. ఆ నల్లా నీళ్ళలో చాలాభాగం నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి, వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి వచ్చినవి. చాలనిది బోరు నుంచో 5,000 లీటర్ల ట్యాంకరు నుంచో వస్తుంది. దక్కన్ గ్రానైట్ నేలలో నీళ్ళు పైనున్న శిథిల పొరలోనూ, దాని కింద బండ పగుళ్ళలోనూ మాత్రమే ఉంటాయి. ఆ పగుళ్ళు ఒక ప్లాటువి కావు. లోతైన కొత్త బోరు గుంజితే పక్కింటి పాత బోరు ఎండుతుంది.

లోపలికి వచ్చిన నీళ్ళలో దాదాపు 80 శాతం మురుగై బయటికి పోతాయి. ఇక్కడ లెక్క వేసి చూస్తే ఊహించని సంగతి బయటపడింది. పాత వీధుల్లో డ్రైనేజీ లైను తరచుగా ఆరంగుళాల పైపు. 150 మీటర్లకు ఒక మీటరు వాలుతో శుభ్రంగా ఉంటే అది నిండుగా సెకనుకు 12 లీటర్లు మోయగలదు. వీధిలో నలభై ప్లాట్లూ పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లుగా మారినా, సగటు ప్రవాహానికి మూడు రెట్లు వేసుకున్నా, పొద్దుటి రద్దీలో వచ్చే మురుగు సెకనుకు 6 లీటర్లే. మరి మ్యాన్‌హోళ్ళు ఎందుకు పొంగుతున్నాయి?

వాన వల్ల. 200 చదరపు మీటర్ల మిద్దె మీద గంటకు 60 మిల్లీమీటర్ల జోరున వాన పడితే సెకనుకు 3.3 లీటర్ల నీళ్ళు దిగుతాయి. నలభై అపార్ట్‌మెంట్ల మురుగును మోయగలిగిన పైపు, నాలుగు మిద్దెల వాన పైపులను దానికి కలిపితే నిండిపోతుంది. ఆ కలపడం ఎవరికీ కనబడదు, నేల కిందే జరిగిపోతుంది. పూడిక, వంటింటి జిడ్డు తోడైతే వాన మొదలైన పది నిమిషాల్లోనే మురుగు వెనక్కి తన్నుతుంది. అది మొదట తేలేది వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉన్న పాత ఇంటి బాత్రూములో.

పాత ఇల్లు పల్లం కావడం కూడా ఒక కథే. కట్టిన రోజున దాని అరుగు రోడ్డు కంటే రెండడుగుల ఎత్తులో ఉండేది. పాత పొరను చెక్కకుండా మీద మీదే రోడ్డు వేస్తూ పోవడంతో రోడ్డు పెరిగింది. కొత్త భవనాలవాళ్ళు ఆ పెరిగిన రోడ్డు కంటే ఇంకా ఎత్తుకు మట్టి నింపి, ర్యాంపును కాలువ మీదకు సాచారు. ఇప్పుడా ఇంట్లోకి గేటు దగ్గర ఒక మెట్టు దిగి వెళ్ళాలి. చినుకు పడితే గేటు కింద తడిగోనెలు పేర్చుకుంటారు.

కింది అంతస్తు, వీధి మనుషులు

డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ 1971లో భవనాల మధ్య సాగే జీవితం గురించి పుస్తకం రాశారు. నాలుగైదు అంతస్తుల దాకా వీధిలోని మనిషికీ బాల్కనీలోని మనిషికీ సంబంధం నిలుస్తుందని, అది దాటితే తెగిపోతుందని ఆయన వాదన. మన ఐదంతస్తుల భవనాలు ఆ హద్దు దగ్గరే ఆగాయి. పైనుంచి పిలిస్తే కూరగాయల బండివాడికి వినబడుతుంది. కాబట్టి మనుషులను విడదీస్తున్నది ఎత్తు కాదు, కింది అంతస్తు. ఇదివరకు అరుగు, కిటికీ, మల్లెపందిరి ఉన్నచోట ఇప్పుడు కార్లు, ఇనుప గేటు ఉన్నాయి. నలభై మంది నివసించే భవనంలో వీధి మట్టాన మనిషి ముఖం కనబడదు, వాచ్‌మన్ గది కిటికీలో తప్ప. ఆ స్టిల్ట్‌లో వీధి వైపు ఒక గదీ, ముందు రెండు మూడు మీటర్ల అరుగూ ఉంచితే ఒక కారు చోటు పోతుంది. సాయంత్రం పూట పెద్దవాళ్ళు కూర్చునే చోటు వస్తుంది, వీధికి కాపలా వస్తుంది.

లెక్క వీధికి కట్టాలి

పైన చూసిన ప్రతి ఇబ్బందిలోనూ ఒకే స్వభావం ఉంది. ఒక్క భవనం వల్ల వచ్చే నష్టం చిన్నది, చాలావరకు నిబంధనకు లోబడినది. అవి కూడినప్పుడు పెద్దదవుతుంది. కూడికను చూసే కన్ను మన విధానంలో లేదు. అందుకే ప్రతి వీధికీ ఒక లెక్క ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ వీధి డ్రైనేజీ పైపు ఎంత, వాలు ఎంత, దాని మీద ఇప్పటికే ఎన్ని కుటుంబాలున్నాయి, బోర్లలో నీటిమట్టం ఎంత, రోడ్డు మట్టం ఎంత, ఏ మిద్దె మీద సోలార్ ఉంది? ఇవన్నీ ఒక పేజీలో పట్టే సంగతులు. కొత్త ప్లాను వచ్చినప్పుడు ఆ పేజీ పక్కన పెట్టుకుని చూడాలి.

అమలుకు తాళంచెవి కూడా ఇప్పటికే చేతిలో ఉంది. అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం తనఖా పెట్టించుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు విడిచే పద్ధతి ఉంది. విడిచే ముందు మిద్దె మీద రెండు ట్యాంకర్ల నీళ్ళు పోసి చూడాలి. ఆ నీళ్ళు ఇంకుడు గుంతలోకి వెళ్ళాయా, మురుగు పైపులోకి వెళ్ళాయా? మ్యాన్‌హోల్ మూత ఎత్తితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఏసీ యూనిట్లు పక్కసందులోకి కాక పైకప్పు మీదకో వీధి ముఖానికో మారాయో లేదో, గేటు దగ్గర మట్టం రోడ్డుకు సమంగా ఉందో లేదో కంటితోనే చూడవచ్చు.

ఇక ఎండ. ఉత్తరాన డాబా ఉన్నప్పుడు పై అంతస్తును వెనక్కి జరపమంటే బిల్డరు నష్టమంటాడు. ఎంత నష్టమో చూద్దాం. ఆ అపార్ట్‌మెంట్ వెడల్పు 9.2 మీటర్లు. ఒక్క ఐదో అంతస్తును మాత్రం ఉత్తరం వైపు 2.6 మీటర్లు లోపలికి జరిపి ఉంటే చాలు. పోయేది మొత్తం వైశాల్యంలో ఆరు శాతం లోపే, అది కూడా పై ఫ్లాటువాళ్ళకు ఆరుబయలుగా మిగులుతుంది. పక్క డాబా మీద డిసెంబరు మధ్యాహ్నపు ఎండ మూడున్నర మీటర్ల నుంచి ఆరు మీటర్లు దాటుతుంది. పెద్దావిడ వడియాల చీర పూర్తిగా పరుచుకునేంత చోటు. ఆ 2.6 మీటర్ల కోసం ప్లాను గీసేవాళ్ళు ఉత్తరం గుర్తు పెట్టుకుని పక్కింటి మిద్దెను కూడా ఒక గీతగా గీస్తే సరిపోయేది. ఇప్పుడు మన నిబంధనల్లో ఆ గీత గీయమని అడిగే పంక్తి లేదు. దాన్ని చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.